దాదాబీ ఇంటి డబ్బా నిమ్మచెట్టు

దాదాబీ పుట్టింది చిలమత్తూరు దగ్గర ఒక పల్లెలో. ఆమె నాయన ఫకృద్దీన్ సొంతంగా సెంటు భూమి లేక, ఒక ఆసామి తోటలో కపిల తోలేవాడు. ఎద్దులు ముందుకూ వెనక్కూ నడుస్తుంటే బావిలోంచి తోలుసంచి నిండా నీళ్లు పైకి వచ్చి కాలువలో పడేవి. ఆ నీళ్లను మడికీ మడికీ మళ్లించడం చిన్ననాడు దాదాబీ పని. అరటిచెట్ల మధ్య, కరివేపాకు నీడలో, కాళ్లకు ఎప్పుడూ తడిమన్ను అంటుకుని పెరిగిన పిల్ల. అందుకే పద్దెనిమిదో ఏట పెళ్లయి ఉరవకొండకు కాపురానికి వచ్చిననాడు అత్తగారింట్లో ఆమె కళ్లు మొదట వెదికింది పెరడును.

పెరడు లేదు. ముందు వీధి, వెనక పక్కింటివాళ్ల గోడ, మధ్యలో రెండు గదుల మట్టిమిద్దె. ముందుగదిలో మొగుడు బుడేన్ సాబ్ దూదేకుతాడు. పైదూలానికి కట్టిన తాడుకు విల్లు వేలాడుతూ ఉంటుంది. కొయ్యగుండుతో దాని నారిని కొడితే ఇల్లంతా టంగు టంగుమని మోగి, దూది మబ్బులా లేస్తుంది. వెనకగదిలో పొయ్యి, నీళ్లకుండలు, అత్త మస్తానాబీ మంచం. ఆ గది మిద్దెకు నడిమధ్యన గవాక్షి ఉంది, మూరెడు వెడల్పున్న చదరపు కన్నం. ఇంట్లోకి వెలుతురు వచ్చేది అందులోంచే, పొగ పోయేదీ అందులోంచే. ఈ ఇంటికి మన్ను ఉండేది నెత్తిమీద ఒక్కటేనని దాదాబీ తర్వాత రోజుల్లో నవ్వుతూ చెప్పేది గానీ, మొదటి ఏడాది ఆ మాట నవ్వుతూ అనగలిగే స్థితి కాదు.

పందొమ్మిది వందల యాభై మూడులో, కర్నూలు రాజధానిగా కొత్త రాష్ట్రం వచ్చిన ఏడాది, బుడేన్ సాబ్‌కు బెంగుళూరులో పని దొరికింది. ఒక వ్యాపారి బంగళాలో పెళ్లికి పదిహేను పరుపులు కుట్టాలి. మూడు వారాలు బంగళా వెనక షెడ్డులో దూదేకుతూ గడిపాడు. అక్కడి తోటమాలి ఎర్రప్ప హిందూపురం వైపు మనిషి. తెలుగు మాట వినపడితే చాలు, వచ్చి పక్కన కూర్చునేవాడు. ఆయన తలదిండు పాతబడి రాయిలా గట్టిపడి ఉంటే, బుడేన్ సాబ్ ఒక సాయంత్రం దాన్ని విప్పి, దూది మళ్లీ ఏకి, పువ్వులా మెత్తగా కుట్టి ఇచ్చాడు. ఎర్రప్ప ఎంత హాయిగా పడుకున్నాడో ఏమో, పొద్దున్నే ఒక మొక్కను గోనెపట్టలో చుట్టి తెచ్చి అతని చేతిలో పెట్టాడు. జానెడు ఎత్తు, పదో పన్నెండో ఆకులు. పొట్టిజాతి నిమ్మ అని, ఎన్నేళ్లు బతికినా నడుము ఎత్తుకు మించదని, నేల కూడా అక్కర్లేదని, డబ్బాలో పెట్టినా కాస్తుందని చెప్పాడు.

బుడేన్ సాబ్ ఇంటికి వచ్చి ఆ మాటలన్నీ ఒక్కటి వదలకుండా దాదాబీకి అప్పజెప్పాడు. మంచం మీద కూర్చుని దూదిలో గింజలు ఏరుతున్న మస్తానాబీ అంతా విన్నది. ఆమెకు చూపు మందగించి అప్పటికే మూడు నాలుగేళ్లు. మనుషులను అలికిడిని బట్టి, దూదిని వేళ్లతో పోల్చుకునేది.

"పెరగదా? పెరగని చెట్టును బెంగుళూరు నుంచి మోసుకోని వచ్చినావా బుడేనూ? మన సీమలో పెరగనివి శానానే ఉండాయి గదా" అన్నది.

దాదాబీ గోనెపట్ట విప్పి, మొక్క మొదట్లో ఉన్న ఎర్రమన్నును వేలితో తాకింది. ఇంకా తడిగానే ఉంది.

కిరసనాయిలు డబ్బా ఒకటి సంపాదించి, అడుగున మేకుతో ఏడెనిమిది చిల్లులు పొడిచి, పెంకు ముక్కలు పరిచి, చెరువుమన్నూ వంక ఇసుకా కలిపి మొక్కను అందులో నాటింది. ఇంటి ముందు అరుగు మీద పెట్టింది. నాలుగో రోజున ఎదురింటి తిప్పమ్మ మేక అరుగెక్కి ఆకులన్నీ తినేసి, కొమ్మ చివర కూడా కొరికి పోయింది. దాదాబీ బయటికి వచ్చి చూసేసరికి డబ్బాలో వేలెడు పుల్ల మాత్రం నిలబడి ఉంది. తిప్పమ్మ మనిషి మంచిదే గానీ తన మేకను ఎవరైనా ఒక మాటంటే ఓర్చుకోలేదు. చెట్టును వీధిలో పెట్టుకుని మేకననడం ఏం న్యాయమని ఆమే తిరిగి అడిగింది. చివరికి ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. మేక తిన్నదానికి బదులు దాని పెంటికలు నెలకొక తట్ట దాదాబీకి ఇచ్చేటట్టు. ఆ ఒప్పందం ఆ తర్వాత పన్నెండేళ్లు నడిచింది.

డబ్బా ఇంట్లోకి వచ్చింది. గవాక్షి కిందికి చేరింది. ఇంట్లో చెట్టేమిటని అత్త రెండు రోజులు గొణిగింది. ఆ కన్నంలోంచి పడే ఎండ గదిలో గంట గంటకూ జరుగుతుంది, పొద్దున పడమటి గోడ మీద, మధ్యాహ్నం నేల మీద, సాయంత్రం పొయ్యి వైపు. దాదాబీ వంట చేస్తూ చేస్తూ లేచి డబ్బాను ఆ ఎండ వెంట జరిపేది. నెల తిరక్కుండా పుల్లకు కళ్లు పొడిచి, చిగురు వేసింది. నాలుగు నెలలకు మళ్లీ జానెడయింది. కానీ ఆకులు పెద్దవై, పల్చబడి, లేతపచ్చగా వేలాడుతున్నాయి. ఎండ చాలక అట్లా అయిందని ఆమెకు తోచింది.

వైశాఖంలో ఒకరోజు పొద్దున ధైర్యం చేసి డబ్బాను అరుగు మీద పెట్టి, చుట్టూ కంపచెట్టు మండలు దడిగా కట్టి, రాగులు విసరడానికి పోయింది. సాయంత్రం వచ్చి చూస్తే ఆకులు తెల్లగా, కాలిన కాగితాల్లా ఉన్నాయి. రెండు రోజుల్లో అన్నీ రాలిపోయాయి. పెళ్లయి వచ్చాక దాదాబీ ఏడ్చింది ఆ రోజే. తోటలో పుట్టి పెరిగి, ఒక్క చెట్టును సాకలేకపోయానే అని.

బుడేన్ సాబ్ విల్లు పక్కన పెట్టి ఆమె దగ్గర కూర్చున్నాడు. అతను ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

"నేను మూడు దినాలు లోపల దూదేకి బయటికి వస్తే కండ్లు తెరవలేను గదా" అన్నాడు. "కొంచేపు వాకిట్లో నిలబడాల, రెప్పలు కొట్టుకోవాల, అప్పుడే వీధి కనపడేది. దాని ఆకులకు గూడ కండ్లు ఉన్నట్లే అనుకో."

ఆ మాట దాదాబీ మనసులో నాటుకుపోయింది. పుల్లకు మళ్లీ చిగురు వచ్చేదాకా ఓపిక పట్టింది. ఈసారి ఇంట్లోంచి వీధిలోకి పది రోజుల ప్రయాణం. మొదటి రెండు రోజులు గడప లోపల నీడలో. తర్వాత రెండు రోజులు చూరు కింద, పాలు పితికే వేళ నుంచి పొద్దు బారెడెక్కే దాకా. ఆ తర్వాత ఇంకొంచెం, ఇంకొంచెం. ఎండ మిటమిటలాడే వేళకు లోపలికి. ఆషాఢంలో పడమటి గాలి దుమ్మెత్తి పోస్తూ వీచే రోజుల్లో లోపలికి. చల్లని పొద్దుల్లో బయటికి. ఆకులు ఈసారి చిన్నవిగా, మందంగా, ముదురుపచ్చగా వచ్చాయి. నలిపితే చేతికి వాసన అంటుకునేది. వీధిలో అందరికీ ఆ చెట్టు రాకపోకలే పొద్దు తెలిపేవి. దాదాబీ చెట్టు లోపలికి పోయిందంటే ఇంక పనిలోంచి లేవాలని తిప్పమ్మ అనేది.

రెండో ఏడు, శ్రావణం ముసురులో చెట్టు ఇంట్లో ఉన్నప్పుడు మొదటి పూత వచ్చింది. తెల్లటి మొగ్గలు, అంచుల్లో కొంచెం ఊదారంగు. విచ్చుకున్న రోజున పొగ వాసన, నూనె వాసన, పాతదూది వాసన అన్నీ వెనక్కు పోయి ఇల్లంతా ఆ పూల వాసనే నిండింది. అత్త మంచం మీద లేచి కూర్చుని ముక్కు ఎగబీల్చింది. ఇది ఆ పెరగని చెట్టు వాసనేనా అని అడిగింది. ఔనని చెబితే మంచాన్ని ఇంకొంచెం గవాక్షి కిందికి జరపమన్నది.

కానీ పువ్వు నిలవలేదు. పూచినవి పూచినట్టే మూడో రోజుకు రాలి, డబ్బా చుట్టూ తెల్లగా పడేవి. ఒక్క పిందె లేదు. అదే సమయంలో గ్రామసేవకుడు శ్రీరంగప్ప తన పరుపు ఏకించుకోవడానికి వచ్చాడు. సైకిలు మీద ఊరూరా తిరిగి రైతులకు విత్తనాల సంగతీ ఎరువుల సంగతీ చెప్పే కుర్రవాడు, ఉద్యోగం కొత్త, ఏది అడిగినా ఉత్సాహంగా చెబుతాడు. దాదాబీ పూత సంగతి చెప్పగానే డబ్బా దగ్గర గొంతుకూర్చుని చూశాడు. బయట ఉంటే తేనెటీగలు వాలి, పువ్వులోని పసుపుపొడిని నడిమి కాడకు అంటిస్తాయని, అప్పుడే పిందె నిలుస్తుందని, ఇంట్లోకి ఈగలు తప్ప తేనెటీగలు ఎందుకు వస్తాయని వివరించాడు. ముసురు తగ్గేదాకా చేసేదేమీ లేదన్నాడు.

మరునాడు దాదాబీ నీళ్లకు పోయి వచ్చేసరికి అత్త మంచం మీద లేదు. డబ్బా పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఒక చీపురుపుల్ల చివర ఏకిన దూది కొంచెం చుట్టుకుని, ఎడమచేతి వేళ్లతో కొమ్మను తడుముతూ, పువ్వు దొరకగానే దాంట్లో దూదిని మెల్లగా తిప్పుతోంది. మళ్లీ తడుముతుంది, ఇంకో పువ్వు. నలభై ఏళ్లు దూదిలో గింజను వెదికిన వేళ్లు అవి. ఒక్క రేకు కూడా రాలలేదు.

దాదాబీ నీళ్లబిందె దించకుండా అట్లాగే నిలబడి చూసింది.

"ఏం చేస్తాండావత్తా?"

"తేనెటీగ రాదన్నాడు గదా ఆ పిల్లోడు" అన్నది మస్తానాబీ తల ఎత్తకుండా. "దాని పని నేను చేస్తాండా. నాకు మాత్రం ఇంగేం పనుండాది?"

ఆ పూతలో ఏడు పిందెలు నిలిచాయి. నాలుగు గాలికి పోయాయి, మూడు పండాయి.

ఆ మూడు కాయల మీద వీధి అంతా కన్నేసింది. అవి పసుపు తిరిగేసరికి రంజాన్ నెల వచ్చింది, అదీ మండువేసవిలో. రోజా ఉపవాసం విడిచే పూట దాదాబీ పెద్ద కుండలో నీళ్లు పోసి, బెల్లం కరిగించి, సబ్జాగింజలు నానేసి, మూడు కాయలూ అందులోనే పిండింది. అత్తకు, మొగుడికి ఇచ్చాక, వాకిట్లో నిలబడిన వాళ్లకు గ్లాసు గ్లాసు పోసింది. రోజా ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అందరూ తాగారు. తిప్పమ్మ రెండో గ్లాసు అడిగి, తన మేక పెంటికల బలం నాలుక మీద తెలుస్తోందన్నది. బుడేన్ సాబ్ నవ్వి నవ్వి పొలమారాడు.

యాభై ఆరు చివర దాదాబీకి కూతురు పుట్టింది. మేరాజ్ బీ అని పేరు పెట్టారు. పిల్ల నడక నేర్చుకోవడానికి వడ్రంగి ఓబుళేసు మూడు చక్రాల బండి చేసి ఇచ్చాడు. అప్పటికి చెట్టు మోకాలి ఎత్తు దాటింది, పాత డబ్బా తుప్పుపట్టి పగిలింది. ఇంకా పెద్ద తొట్టి కావలసి వచ్చింది. బెల్లం మూటలు దించే అంగడిలో దొరికిన కొయ్య పీపాను సగానికి కోయించి అందులోకి మార్చారు. అయితే మట్టితో నిండిన ఆ సగం పీపాను ఇద్దరు పట్టినా కదలదు. ఒకచేత పిల్ల, ఒకచేత వంట, ఈ రాకపోకలు ఇక సాగవని బుడేన్ సాబ్ అన్నాడు. ఏదో ఒక చోట పెట్టేయమన్నాడు.

పిల్ల బండి వదిలి పరుగెత్తడం మొదలుపెట్టిన రోజునే దాదాబీ ఆ బండిని చంకన పెట్టుకుని ఓబుళేసు కొట్టానికి పోయింది. దీని చక్రాలు తీసి చెట్టుకు వేయమని అడిగింది. ఓబుళేసు ఎద్దులబండ్లు చేసేవాడు, మంచాలు చేసేవాడు. చెట్టుకు బండి చేయమని అడిగినవాళ్లు అతని జన్మలో లేరు. కాసేపు గడ్డం గోక్కున్నాడు. ఆ చక్రాలు పిల్ల బరువుకే గానీ చెట్టు బరువుకు ఆగవని, తుమ్మకొయ్యతో నాలుగు చక్రాలు కొత్తగా చెక్కి, మందపాటి పలకకు బిగించి, గడప దాటించడానికి అటొకటి ఇటొకటి ఏటవాలు పలకలు కూడా చేసి తెచ్చాడు. ఆ సాయంత్రం వీధిలో జనం గుమిగూడి చూస్తుండగా దాదాబీ తాడు పట్టి లాగితే నిమ్మచెట్టు గడప ఎక్కి, గడప దిగి, కిర్రు కిర్రుమంటూ వీధిలోకి వచ్చింది.

శ్రీరంగప్ప ఆ బండిని చూసినప్పటి నుంచి ఒకటే పోరు. బ్లాకు ఆఫీసు వాళ్లు ఏటా మాఘమాసంలో హైస్కూలు ఆవరణలో రైతుల ప్రదర్శన పెట్టేవాళ్లు. ఎవరి పొలంలో పండిన మంచి గుమ్మడికాయ, మంచి వేరుశెనగ చెట్టు, మంచి జొన్నకంకి వాళ్లు తెచ్చి పెడతారు. దాదాబీ కూడా తన చెట్టును తేవాలన్నాడు. ఆడమనిషి బజారులో చెట్టును లాక్కుంటూ పోవడమా అని ఆమె మొదట ఒప్పుకోలేదు. ఒప్పించింది అత్తే. తన చేత్తో కాయించిన కాయలు నలుగురూ చూడాలని ఆమెకు ఆశ. అప్పుడు చెట్టుకు ఇరవై రెండు కాయలు ఉన్నాయి, కొన్ని పచ్చవి, కొన్ని పసుపువి, కొమ్మ చివర్లో కొత్త పూత కూడా.

యాభై తొమ్మిదిలో ఆ ఊరేగింపు జరిగింది. ముందు తాడు పట్టి బుడేన్ సాబ్, వెనక పీపాను తోస్తూ దాదాబీ, పక్కన కోడలి కొంగు పట్టుకుని మస్తానాబీ, పీపా అంచున కూర్చుని మేరాజ్. ప్రదర్శన వాకిట్లో బల్ల ముందు ఒక గుమాస్తా పేర్లు రాసుకుంటున్నాడు. పేరు, ఊరు, పంట రాసుకుని, సర్వే నంబరు అడిగాడు. లేదన్నది దాదాబీ. భూమి ఎవరి పేరు మీద ఉందన్నాడు. భూమి లేదన్నది. భూమి లేనిదే పంట రాసుకోవడానికి లేదని, కాగితంలో ఆ గడి ఖాళీగా వదిలితే పైవాళ్లు ఒప్పుకోరని అతను కలం కింద పెట్టాడు. వెనక వరుసలో గుమ్మడికాయలు మోస్తున్న వాళ్లు తొందరపడుతున్నారు.

దాదాబీకి ముఖం వేడెక్కింది. వెనక్కు తిరిగి పోదామని మొగుడి వైపు చూసింది. అప్పుడు మస్తానాబీ చేయి చాచి పీపాను తట్టింది.

"భూమి లేకేమప్పా, ఈడుండాది సూడు. మా భూమికి చక్రాలుండాయి. మీ భూమి ఈడికి నడిచి రాగలదేమో అడుగు."

వరుసలో వాళ్లంతా నవ్వారు. గుమాస్తా కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. సర్వే నంబరు గడిలో 'పీపా' అని రాసి, చెట్టును లోపలికి పంపించాడు. కూరగాయల దగ్గర పెట్టాలా, పండ్ల దగ్గర పెట్టాలా తేలక మధ్య దారిలో పెట్టారు. అందువల్ల వచ్చిన ప్రతివాడూ దాని చుట్టూ తిరిగి పోవలసి వచ్చింది. బహుమతి పెద్ద గుమ్మడికాయకే పోయింది. సాయంత్రం పైఅధికారి ఒకాయన చెట్టు దగ్గర ఆగి, ఒక్కొక్కటీ అడిగి తెలుసుకుని, కొమ్మలు కత్తిరించే కత్తెర ఒకటి తెప్పించి దాదాబీకి ఇచ్చాడు. పంటల పట్టికలో పీపా అనే పొలం ఎక్కడుందని తర్వాత అనంతపురం నుంచి ఎవరో రాసి అడిగారని శ్రీరంగప్ప చెప్పేవాడు. అది నిజమో, అతని కల్పనో ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత అందరికీ అటువంటి చెట్టు కావాలి. దాదాబీ అంటు కట్టడం నేర్చుకుంది. వేలి లావు కొమ్మకు అంగుళం మేర బెరడు ఉంగరంలా తీసి, తడిపిన చెరువుమన్ను ముద్దగా పెట్టి, గుడ్డ చుట్టి, రోజూ తడుపుతూ రెండు నెలలు ఆగితే గుడ్డలోంచి తెల్లటి వేళ్లు బయటికి వస్తాయి. అప్పుడు కోసి డబ్బాలో పెట్టడమే. మొదటి అంటు తిప్పమ్మకు ఇచ్చింది, మేకను కట్టేస్తానని ఆమె ఒట్టు వేశాక. ఓబుళేసుకు ఒకటి, శ్రీరంగప్పకు ఒకటి. అరవై రెండులో మస్తానాబీ చనిపోయింది. జబ్బేమీ లేదు, వయసు. చివరి వారం కూడా పూత వచ్చిందా అని అడిగేది. ఆ ఏడాది చీపురుపుల్లకు దూది చుట్టి పువ్వుల్లో తిప్పే పని మేరాజ్ అడగకుండానే అందుకుంది. దాదాబీ ఆ పిల్ల వెనక నిలబడి చూసి, కళ్లు తుడుచుకుని, పొయ్యి దగ్గరికి పోయింది.

అరవై ఐదులో వాన రాలేదు. ఏరువాక దాటిపోయింది, విత్తిన వేరుశెనగ నేలలోనే మాడిపోయింది. మరుసటి ఎండాకాలానికి వీధి బావిలో బురద తేలింది. మైలు దూరంలో ఒక్క బావికి ఊట ఉంది. అక్కడ బిందె నిండటానికి పూట పడుతుంది. అప్పుడు దాదాబీ ఒక నిర్ణయం చేసుకుంది. తాగే నీళ్లలో చుక్క కూడా చెట్టుకు పోయను. బతికితే వాడిన నీళ్లతోనే బతకాలి.

ఒక పొద్దున కత్తెర తీసుకుని కాయలన్నీ కోసేసింది, ముప్పైకి పైగా, ఇంకా గోళీకాయలంతే ఉన్నవి. తర్వాత కొమ్మలు సగానికి కత్తిరించింది. చూస్తున్న మేరాజ్ ఏడుపు మొదలుపెట్టింది. ఆకులు తక్కువుంటే దాహం తక్కువని, కాయను మోసే బలం ఈ ఏడు దానికి లేదని తల్లి చెప్పింది. చెట్టును గవాక్షి కింద పెట్టి ఆ ఎండాకాలమంతా గడప దాటనీయలేదు. బుడేన్ సాబ్ పాత పరుపుల్లోంచి తీసిన, ఇక ఎన్నిసార్లు ఏకినా లేవని నల్లటి దూదిని తెచ్చి మొదలు చుట్టూ నాలుగు వేళ్ల మందం పరిచాడు. ఆ ఆలోచన అతనిదే. కుండకు తడిగుడ్డ చుడితే నీళ్లు చల్లగా ఉంటాయి గదా అని మొదలుపెట్టి, దూది కింద మన్ను నాలుగు రోజులైనా ఆరకపోవడం చూసి అతనే ఆశ్చర్యపోయాడు. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వజూ కూడా పీపా పక్కన కూర్చుని చేసేవాడు. మోచేతుల నుంచి జారిన నీళ్లు నేరుగా దూదిలోకి.

తిప్పమ్మకు ఇదేమీ తెలియదు. ఆమె ఇంట్లో నిమ్మ ఎండిపోయింది, మేకలను అమ్ముకుంది, మనసు చేదుగా ఉంది. ఒకనాడు నీళ్లబిందెతో వస్తూ వాకిట్లో ఆగి, లోపల పచ్చగా కనపడుతున్న నాలుగు ఆకులను చూసింది.

"మనుసులకు గొంతు తడుపుకునేకి లేదు. నీకు చెట్టుకు పోసేకి నీళ్లు యాడనుంచి వస్తాండాయి దాదాబీ?"

"లోపలికి రా వదినా. పొద్దు గూకేదాకా కూర్చో. నేను చుక్క పోసినట్లు కనపడితే, ఈ కత్తెరతో నువ్వే మొదటికి కోసెయ్" అన్నది దాదాబీ.

తిప్పమ్మ నిజంగానే కూర్చుంది. సాయంత్రం దాకా కూర్చుంది. బియ్యం కడిగిన నీళ్లు, పిల్ల చేతులు కడిగిన నీళ్లు, బుడేన్ సాబ్ వజూ నీళ్లు. అవి తప్ప ఇంకేమీ లేవు. అన్నీ కలిపినా రెండు చెంబులు కావు. పోతూ పోతూ తిప్పమ్మ దూదిలోకి వేలు గుచ్చి, అడుగున చల్లటి తడి తగిలి, కాసేపు వేలు అట్లాగే ఉంచింది. మరునాడు పొద్దున కొర్రబియ్యం కడిగిన నీళ్లు చెంబులో పట్టుకుని వచ్చి, పీపాలో పోసి పోయింది. వారం తిరిగేసరికి వీధిలో ఐదారిళ్ల నుంచి అట్లా చెంబులు వచ్చేవి.

అరవై ఆరు భాద్రపదంలో వాన పడింది. మొదటి రాత్రి గవాక్షి మూయకుండా వదిలేసింది దాదాబీ. ఇంట్లో నేలంతా తడిసింది. చెట్టు అప్పటికి పదకొండు ఆకులతో ఉంది. తొందరపడలేదు. గడప లోపల రెండు రోజులు, చూరు కింద రెండు రోజులు. పది రోజులకు వీధిలోకి వచ్చిన చెట్టుకు కణుపు కణుపునా చిగుళ్లు.

మరుసటి ఏడు శ్రీరంగప్ప, ఇప్పుడు మీసం నెరిసీ నెరవని పెద్దమనిషి, బెళుగుప్ప వైపు పల్లెల నుంచి పదిహేడు మంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. కరువులో చెట్టు నిలిపిన ఇల్లు చూపించడానికి. దాదాబీ ఎన్నడూ నలుగురి ముందు నిలబడి మాట్లాడిన మనిషి కాదు. మొదట పీపా అంచు తుడుస్తూ నిలబడింది. ఒక ముసలామె ముందుకు వచ్చి, ఇంతకీ ఈ చెట్టు ఇంటిదా బయటిదా అని అడిగింది.

"రెండూ తల్లీ" అన్నది దాదాబీ. "మనం గూడ అంతే గదా. ఎండ బాగుంటే వాకిట్లో కూర్చుంటాం, మండితే లోపలికి వస్తాం. దానికి కాళ్లు లేవు, అందుకని మనం జరపల్ల. అంతే."

అక్కడి నుంచి మాట ఆగలేదు. చిల్లులు ఎట్లా పొడవాలి, పిట్టరెట్టలా కనపడే పురుగును ఆకు కింద ఎక్కడ వెదకాలి, ఉప్పునీళ్లు పోస్తే ఆకు అంచులు ఎట్లా మాడతాయి, పాతదూది లేనివాళ్లు వేరుశెనగ పొట్టు ఎట్లా పరచుకోవచ్చు, అన్నీ చెప్పింది. ఒకామె పీపాను లాగి చూస్తానంటే లాగనిచ్చింది. తర్వాత అందరూ లాగారు. వీధి ఆ చివర నుంచి ఈ చివరకు చెట్టు నాలుగుసార్లు తిరిగింది. మేరాజ్ చిన్న డబ్బాల్లో పెట్టిన అంట్లు ఒక్కొక్కరికీ అందించింది. పదిహేడు మందికి పద్నాలుగే ఉన్నాయి. తక్కినవాళ్లు దసరాకు మళ్లీ వస్తే ఇస్తానని దాదాబీ దగ్గర మాట తీసుకున్నారు.

వాళ్లు బస్సుకు పోయేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. పొద్దున వెలిగించిన పొయ్యి ఎప్పుడో ఆరిపోయింది, ఇంట్లో వంట లేదు. బుడేన్ సాబ్ విల్లు దించి, చొక్కా దులుపుకుని, అంగడికి పోయి బొరుగులు తెచ్చాడు. దాదాబీ వాటిని నీళ్లలో వేసి తీసి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు వేయించి ఉగ్గాని చేసింది. అందులో పిండడానికి నిమ్మకాయ కోసం చేయి చాచి, చెట్టుకు ఆ వేళ ఒక్క పండు కూడా లేదని గుర్తొచ్చి, చింతపులుసు కొంచెం చిలకరించింది. ముగ్గురూ వాకిట్లో కూర్చుని తిన్నారు. బుడేన్ సాబ్ తింటూ తింటూ ఆగి, ఇంత మాట్లాడగలదని పద్దెనిమిదేళ్లుగా తనకు తెలియనే తెలియదన్నాడు. ఎన్నడైనా అడిగితే గదా అన్నది దాదాబీ, అతని గిన్నెలోకి ఇంకొంచెం వడ్డిస్తూ.